తాడు లేని రాయి

మా బేతంచెర్లలో నాకు జాగ్రత్త గల డ్రైవరు అని పేరు. ఎవరైనా నా ముందే ఆ మాట అంటే నేను తల దించుకుంటాను. వినేవాళ్లు దాన్ని వినయం అనుకుంటారు. అది సిగ్గు. ఆ సిగ్గు ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాది నాలుగు చక్రాల చిన్న గూడ్స్ బండి. పాలిష్ ఫ్యాక్టరీలో బండలు ఎక్కించుకుని, ఇళ్లు కట్టుకుంటున్న వాళ్ల గుమ్మం ముందు దించి రావడం నా పని. బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, ఒక్కోసారి కడప దాకా పోతాను. నేల మీద పరిచే బండలు చూడటానికి గట్టిగా కనిపిస్తాయి గానీ, పడుకోబెట్టి తీసుకుపోతే గతుకులకు నడిమికి విరుగుతాయి. అందుకని బండి మధ్యలో కట్టెల చట్రం నిలబెట్టి, దానికి అటూ ఇటూ బండల్ని నిలువుగా ఆనించి, తాళ్లతో బిగించి కడతాం. తాడు కొంచెం వదులైనా బరువంతా ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకే దారిలో ఒకటి రెండు చోట్ల ఆపి తాళ్లు చూసుకోవడం మా పనిలో భాగం. ఆపింది ఎత్తు ఎక్కే చోటైతే వెనక చక్రం కింద ఒక రాయి పెట్టాలి. అంత బరువుకు చేతి బ్రేకు ఒక్కటే చాలదు.

నేను అన్నీ పాటించేవాణ్ణి. సీటు బెల్టు లేకుండా బండి తీయను. ఫోను మోగితే పక్కకు ఆపి మాట్లాడతాను. మలుపు వస్తే హారను కొడతాను, ఎదురుగా ఎవరూ లేకపోయినా కొడతాను. నేను తోలే వేగం చూసి నా భార్య ఎప్పుడూ ఆట పట్టిస్తుంది. "నువ్వు పొయ్యేసరికి ఆ ఇంటోళ్లు మట్టినేల మీదనే కాపురం పెట్టేసింటారు," అంటుంది. నేనూ నవ్వేవాణ్ణి గానీ లోపల మాత్రం గర్వపడేవాణ్ణి. దారిలో అడ్డదిడ్డంగా పోయే వాళ్లను చూసి ఒక్కణ్ణే కూర్చుని తిట్టుకునేవాణ్ణి. నాకు కోపం ఎక్కువ. ఆ కోపమంతా ఎప్పుడూ ఎదుటివాడి మీదే ఉండేది.

నాకు బండి నేర్పింది ఒక సాయిబు. కర్నూలు వైపు నుంచి వచ్చి మా ఊళ్లో స్థిరపడ్డాడు. వయసంతా లారీ మీదే గడిపిన మనిషి. నేను సొంత బండి కొన్న రోజున ఆయన నన్ను ఫ్యాక్టరీ వెనక్కి తీసుకుపోయాడు. పనికిరాని ముక్కలు కుప్ప పోసిన చోట వెతికి వెతికి, మందంగా, ముక్కోణంగా ఉన్న నల్ల రాతి ముక్కను ఏరాడు. ఇటుక కన్నా కొంచెం పెద్దది. లోపలి మిషను దగ్గరికి తీసుకుపోయి దాని మూలకు వేలు పట్టేంత బెజ్జం వేయించాడు. ఆ బెజ్జంలోంచి తాడు దూర్చి, ఆ తాడు రెండో కొసను బండి వెనక కొక్కీకి కట్టాడు.

"రాయి పెట్టేది అందరికీ వస్తాది బేటా. తీసేదే ఎవనికీ రాదు," అన్నాడు.

ఆయన మాట అర్థం కావాలంటే మా ఇబ్బంది చెప్పాలి. ఎత్తులో బరువుతో నిలబడిన బండి కింద నుంచి రాయి తీస్తే బండి వెనక్కి జారుతుంది. కాబట్టి ముందు బండిని కదిలించాలి. ఒంటరిగా పోయే డ్రైవరైతే ఎత్తంతా ఎక్కి, సమంగా ఉన్న చోట ఆపి, దిగి, వెనక్కి నడిచి వచ్చి రాయి తీసుకోవాలి. ఎండలో అంత దూరం ఎవరు నడుస్తారు? ఇంకో రాయి దొరక్కపోతుందా అనుకుని పోతారు. మన దారుల్లో నడి రోడ్డు మీద కనిపించే రాళ్లు చాలావరకు అట్లా వదిలేసినవే. తాడు కట్టి ఉంటే ఆ బాధ లేదు. బండి కదలగానే రాయి గరగరమంటూ వెనకే వస్తుంది. ఆ చప్పుడుకు మనిషి సిగ్గుపడైనా ఎక్కడో ఒక చోట ఆపి రాయిని పైకి వేసుకుంటాడు. తోటి డ్రైవర్లు నా బండి వెనక ఈడ్చుకుంటూ వచ్చే రాయిని చూసి, కుక్కపిల్లను వెంటబెట్టుకుని తిరుగుతున్నానని ఎగతాళి చేసేవాళ్లు. నేను పట్టించుకునేవాణ్ణి కాదు.

కొన్నేళ్లకు ఆ తాడు ఎండకు ఎండి, రోడ్డు రాపిడికి తెగిపోయింది. రేపు కడదాంలే అనుకున్నాను. రాయిని క్యాబిన్లో నా సీటు వెనక వేసుకున్నాను. రేపు రేపంటూ మూడు నెలలు గడిచాయి. బండలు కట్టడానికి నా బండిలో ఎప్పుడూ తాళ్ల చుట్టలు ఉంటాయి. వాటిలోంచి రెండు మూరలు కోసుకుంటే అయిపోయే పని. ఆ రెండు మూరల తాడు నేను ఎందుకు కోయలేదో ఎన్నిసార్లు ఆలోచించినా బద్ధకం తప్ప ఇంకో కారణం నాకు దొరకలేదు.

అది గృహప్రవేశాల కాలం. జమ్మలమడుగు అవతల ఒక పల్లెలో కొత్తింటికి బండలు తీసుకుపోతున్నాను. పొద్దు బాగా ఎక్కింది. రోడ్డు ఒక మలుపు తిరిగి ఎత్తు ఎక్కే చోట వెనక టకటకమని చప్పుడు వినిపించింది. బండ కదులుతోందని అర్థమైంది. అక్కడే ఆపి, రాయి తీసుకుని దిగి, వెనక చక్రం కింద పెట్టాను. తాళ్లన్నీ విప్పి మళ్లీ బిగించాను. ఇంతలో ఫోను మోగింది. ఇంటాయన. మేస్త్రీ పొద్దున్నుంచి వచ్చి కూర్చున్నాడని, ముహూర్తం దగ్గర పడిందని, ఇంకా ఎంతసేపని అడిగాడు. వస్తున్నానని చెప్పి బండెక్కి ఎత్తు దాటించాను. పైన రోడ్డు సమంగా ఉంది. అక్కడ ఆపాలి. ఆపలేదు. అప్పుడు మర్చిపోయానా, తొందరలో కావాలనే పోయానా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. మర్చిపోయాననే చెప్పుకుంటాను.

ఆ తర్వాత జరిగిన దానికి మాత్రం మరుపు అడ్డం పెట్టుకోలేను. కొత్తింటి ముందు బండి ఆపి, అలవాటుగా సీటు వెనక చెయ్యి పెడితే రాయి లేదు. ఎక్కడ వదిలానో ఆ క్షణమే గుర్తొచ్చింది. మలుపు, ఎత్తు, నడి రోడ్డు, అన్నీ కళ్ల ముందు కనిపించాయి. పోయేటప్పుడు తీసుకుందాంలే అనుకున్నాను. బండలు దించడానికి గంట పట్టింది. దించినాక వెంటనే బయల్దేరి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఇంటాయన భోంచేసి పొమ్మన్నాడు. కూర్చున్నాను. వేడి సంగటి, చెనక్కాయలు నూరిన ఊరిబిండి. బాగుంది. ఇంకో ముద్ద వేసుకోమంటే వేసుకున్నాను. మేస్త్రీతో కబుర్లు చెప్పాను. ఈ మధ్య డ్రైవర్లకు భయం లేకుండా పోయిందని ఆయనంటే, అవునవునని తలూపాను.

తిరిగి వస్తుంటే ఎత్తు దిగే చోట రోడ్డు పక్కన మోపెడు పడి ఉంది. దాని ముందు చక్రం వంకరపోయి ఉంది. నలభై అయిదేళ్ల మనిషి మట్టిలో కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో ఒళ్లో పట్టుకుని ఉన్నాడు. చుట్టూ రంగు వేసిన నూలు చిలుపలు, దారపు కట్టలు, చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఎరుపువి, పసుపువి. ఆయనకు నాలుగు అడుగుల దూరంలో, రోడ్డు మీద, నా రాయి.

నేను బండి ఆపి పరుగెత్తాను.

"ఏమైందన్నా?"

"రాయి అప్పా. ఎవడో రాయి పెట్టి అట్నే పోయినాడు. మలుపులో లారీ ఎదురొచ్చింది. పక్కకు కోసినా. రాయి సూసుకోలేదు." ఆయన పళ్లు బిగపట్టి మాట్లాడుతున్నాడు. "ఆ నూలు మట్టి కాకుండా సూడప్పా. జమ్మలమడుగులో యీ పొద్దే తెచ్చినా. మగ్గానికి అదే ఉండేది."

నేను నూలు చిలుపలన్నీ ఏరి, మట్టి దులిపి, మూట కట్టాను. ఏరుతున్నంతసేపూ నా నోరు ఊరుకోలేదు.

"ఈ లారీ వాళ్లకు బుద్ధి లేదన్నా. రాయి పెట్టేది తెలుసు గాని తీసేది తెలీదు నా కొడుకులకు," అన్నాను.

మా గురువు సాయిబు నాకు చెప్పిన మాట. దాన్ని తీసి లేని లారీవాడి మీద వేశాను. అంత సులభంగా, అంత కోపంగా అబద్ధం చెప్పగలనని అంతకు ముందు నాకు తెలియదు. ఆయన అవునన్నట్టు తలూపాడు. ఆయన్ని లేపి నా పక్క సీట్లో కూర్చోబెట్టాను. మోపెడును వెనక ఎక్కించాను. చివరికి పోయి ఆ రాయి తీసుకుని సీటు వెనక వేసుకున్నాను. అక్కడే వదిలితే దాని బెజ్జం చూసి ఎవరైనా గుర్తుపడతారేమోనని భయం. మా వైపు డ్రైవర్లందరికీ ఆ రాయి తెలుసు.

ఆసుపత్రికి పోయేదాకా ఆయన మూలగలేదు. గతుకు వచ్చినప్పుడల్లా ఊపిరి బిగపట్టేవాడు. ఆయనకు నేత పని. ఇంట్లో గుంత మగ్గం ఉంది. నూలు చీరలు నేస్తాడు. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ చదువుకుంటున్నారు. ఇవన్నీ నేను అడగకుండానే చెప్పాడు, నొప్పి మర్చిపోవడానికి. నేను ఊ కొడుతూ బండి తోలాను. చెప్పేయాలని రెండుసార్లు నోటి దాకా వచ్చింది. ముందు ఆసుపత్రికి చేరనీ అనుకున్నాను. అక్కడ చేర్చినాక ఆయన భార్యను రానీ అనుకున్నాను.

ఆమె వచ్చింది. బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చినట్టుంది, కొంగు జారిపోతోంది. మణికట్టు రెండు చోట్ల విరిగిందని డాక్టరు చెప్పగానే గోడకు ఆనుకుని కూలబడింది. కాసేపటికి ఏడుపు ఆపుకుని, ఎవరినో ఎదురుగా నిలబెట్టుకున్నట్టు తిట్టడం మొదలుపెట్టింది.

"ఆ రాయి పెట్టినోని చేతులు పడిపోను. వాని చేతులు ముద్దకు గూడా లేయకుండా పోను."

నేను రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను. అప్పుడు మంచం మీది నుంచి ఆయన అన్నాడు. "ఏమే, ఈ అప్ప లేకుంటే నేను ఆడనే ఉంటాంటి. అంత తొందరలో గూడా రాయి తీసి బండిలో యేసుకున్న్యాడు, ఇంకొకరు పడకూడదని."

ఆమె లేచి వచ్చి నాకు దండం పెట్టింది. "దేవుని మాదిరి వచ్చినావన్నా," అంది.

నేను చెప్పవలసిన సమయం అదే. పోలీసు కేసు అవుతుందేమో, లైసెన్సు పోతుందేమో అని భయపడ్డానని తర్వాత నాకు నేను సర్ది చెప్పుకున్నాను. ఆ భయం కొంచెం ఉన్న మాట నిజం. కానీ అసలు సంగతి వేరే. వాళ్లిద్దరూ నన్ను చూసిన చూపు నాకు బాగుంది. దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. ఇది రాయడానికి నాకు ఒళ్లు ముడుచుకుపోతోంది, అయినా ఇదే నిజం.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి రాయికి కొత్త తాడు కట్టాను. రెండు మూరలు కోసి, బెజ్జంలోంచి దూర్చి, వెనక కొక్కీకి ముడి వేశాను. ఎంత సేపూ పట్టలేదు.

ఆ రాయిని పారేద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఫ్యాక్టరీ వెనక కుప్పలోకి విసిరేస్తే వేల ముక్కల్లో అదొక ముక్క అయిపోతుంది. పారేయలేకపోయాను. ఎత్తు ఎక్కే చోట ఆపినప్పుడల్లా దాన్నే చక్రం కింద పెట్టేవాణ్ణి. బండి కదిలితే వెనక గరగరమనేది. ఒకప్పుడు ఆ చప్పుడు నాకు ధైర్యం ఇచ్చేది. తర్వాత వినలేకపోయేవాణ్ణి.

అటువైపు పోయినప్పుడల్లా వాళ్లింటికి పోవడం మొదలుపెట్టాను. బనగానపల్లె మామిడిపండ్లు వచ్చే కాలంలో ఒక బుట్ట, ఇంకోసారి చెనక్కాయలు, ఇంకోసారి పిల్లలకు నోటు పుస్తకాలు. నేను ఏదో ఒకటి తీసుకుపోయే కొద్దీ వాళ్లు నన్ను ఇంకా మంచివాడిని చేసేవాళ్లు. పిల్లలు మామా అని పిలిచేవాళ్లు. ఆమె టీ పెట్టేది. బయల్దేరేటప్పుడు ఆయన వీధి కొస దాకా వచ్చి, "పోయిరా అప్పా. పైలంగా పోయిరా," అనేవాడు.

పిండికట్టు విప్పినాక ఆయన చెయ్యి ముందు మాదిరి కాలేదు. వేళ్లు మూసుకునేవి గానీ పట్టు బిగిసేది కాదు. మగ్గం మీద కుడిచేత్తో తాడు లాగితే పేక దారం మోసే నాడె పడుగులోంచి అటూ ఇటూ పరుగెత్తుతుంది. ఆ తాడు రోజుకు కొన్ని వేలసార్లు లాగాలి. ఆయన ఒక గంట లాగేసరికి మణికట్టు వాచిపోయేది. డాక్టరు చూసి, ఇక ఇంతేనన్నాడు.

నేను ఒకసారి పోయేటప్పటికి ఇంట్లో ఇద్దరి చోట్లూ మారిపోయి ఉన్నాయి. మగ్గం గుంతలో ఆమె కూర్చుని నేస్తోంది. గోడ పక్కన రాట్నం ముందు ఆయన కూర్చుని ఎడమచేత్తో కండెలు చుడుతున్నాడు. మామూలుగా వాళ్లిళ్లలో కండెలు చుట్టడం ఆడవాళ్ల పని, పిల్లల పని. నన్ను చూసి ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. నా వల్ల, నా ముందు, ఆయన సిగ్గుపడ్డాడు.

"యజమానమ్మకు నేను కూలి ఇప్పుడు," అన్నాడు నవ్వుతూ.

ఆమె మగ్గం ఆపలేదు. "కూలోడు శానా మెల్లగ పని చేస్తాండాడన్నా. ఇంకొకర్ని సూసుకోవాల," అంది.

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటిపనంతా చేసుకుని ఆమె మగ్గంలో దిగేది. లేచేటప్పుడు నడుము పట్టుకుని, గోడ ఆసరాతో లేచేది. నేను టీ తాగి గ్లాసు కింద పెట్టి వచ్చేశాను.

ఆ మధ్య మా ఊళ్లో డ్రైవర్లందరినీ పిలిచి రోడ్డు మీద జాగ్రత్తల గురించి మీటింగు పెట్టారు. గాయపడిన మనిషిని ఆసుపత్రికి చేర్చిన డ్రైవరని నన్ను వేదిక ఎక్కించి శాలువా కప్పారు. నాలుగు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చారు. నేను సీటు బెల్టు గురించి, ఫోను గురించి చెప్పాను. తర్వాత నా నోరు తనంతట తానే రాళ్ల సంగతి ఎత్తింది. చక్రం కింద పెట్టిన రాయిని ఎవరూ వదిలి పోకూడదని, అట్లా ఎవరో వదిలేసిన రాయి వల్ల ఒక నేత మనిషి చెయ్యి పోయిందని చెప్పాను. ఎవరో అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మా గురువు ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. ఆయన చప్పట్లు కొట్టలేదు. ఆయనకు ముసలితనం వల్ల చేతులు వణుకుతాయి, అందుకేనేమో. నేను మాత్రం ఆయన వైపు చూడలేక శాలువా సర్దుకుంటూ దిగిపోయాను. ఆ శాలువాను నా భార్య బీరువాలో పైనే పెట్టింది, వచ్చిన వాళ్లకు చూపించడానికి.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మేము బండ్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కిస్తాం. నేత వాళ్లు మగ్గానికి పూజ చేస్తారు. నాలుగు రోజుల ముందే ఆమె ఫోను చేసింది.

"అన్నా, ఈసారి నీ బండి ఈడికే తీసుకరా. మా మగ్గానికీ నీ బండికీ ఒకేసారి పూజ చేస్తా. ఆ బండిలోనే గదా మా ఆయన ఆసుపత్రికి పోయింది."

రానని చెప్పడానికి నాకు సాకు దొరకలేదు. తెల్లారే బండి కడుక్కుని, పొద్దు ఎక్కేటప్పటికి వాళ్ల వీధికి చేరాను. ఆమె తలంటుకుని కొత్త చీర కట్టుకుంది. తాను నేసిందే. లోపల మగ్గానికి పూజ అయిపోయింది. నాడెకు, మగ్గం పలకకు, ఆఖరికి రాట్నానికి కూడా బొట్లు పెట్టి ఉన్నాయి. ఆయన గడప మీద కూర్చుని, ఎడమచేత్తో నాలుగు నిమ్మకాయలు పట్టుకుని ఉన్నాడు.

ఆమె పళ్లెం తీసుకుని బండి చుట్టూ తిరిగింది. ముందు అద్దానికి బొట్టు పెట్టింది. స్టీరింగుకు పెట్టింది. లైట్లకు, చక్రాలకు పెట్టింది. బండికి అరటి కొమ్మలు కట్టింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఇద్దరు ముగ్గురు వాకిళ్లలోంచి చూస్తున్నారు. వెనక్కి వచ్చేసరికి కొక్కీకి కట్టిన రాయి ఆమె కంట పడింది.

"ఇదేందన్నా, రాయికి తాడు కట్టినావు?"

"ఎత్తు మీద బండి వెనక్కి పోకుండా చక్రం కింద పెట్టేదమ్మా."

"అట్లయితే నిన్ను కాపాడేది ఇదే గదా. దీనికి పెట్టకుంటే ఎట్లా?" అంటూ వంగి, కుంకుమలో వేలు అద్దింది.

నా చెయ్యి నాకు తెలియకుండానే ముందుకు పోయి రాయిని కప్పింది. ఆమె పెట్టబోయిన కుంకుమ నా వేళ్ల వెనక అంటుకుంది.

"దీనికి వద్దమ్మా."

"ఎందుకన్నా?"

"ఆ పొద్దు రోడ్డు మీద ఉండింది ఇదే. పెట్టింది నేనే."

ఆమెకు అర్థం కాలేదు. నేను లేచి నిలబడి చెప్పాను. ఆమె మొహం చూడలేక చక్రం వైపు చూస్తూ చెప్పాను. తాడు తెగిన సంగతి, మూడు నెలలు కట్టని సంగతి, ఎత్తులో ఆపిన సంగతి. కొత్తింటి దగ్గర గుర్తొచ్చినా వెనక్కి పోని సంగతి కూడా చెప్పాను.

"మీ ఆయన పడేటప్పటికి నేను సంగటి తింటాన్న్యా అమ్మా," అన్నాను.

ఎదురింటి వాకిట్లో నిలబడినావిడ లోపలికి పోయింది. గడప మీది నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఆ పొద్దే చెప్పింటే ఏమైతాండె?"

"ఏమీ అయ్యేది కాదన్నా. నన్ను మంచోన్ని అనుకోకపోతాంటిరి. అంతే."

ఆయన తన చేతిలోని నిమ్మకాయల వైపు చూశాడు.

ఆమె పళ్లెం బండి అంచు మీద పెట్టింది. "తాడు ఇప్పు," అంది. ముడి ఒక పట్టాన రాలేదు. విప్పి ఇచ్చాను. ఆమె రెండు చేతులూ చాచింది, చాలా బరువుంటుందని అనుకున్నట్టుంది. తీసుకున్నాక ఒక చెయ్యి వదిలేసింది. ఒంటిచేత్తోనే పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. బెజ్జంలోకి చూసింది.

"ఇంత చిన్నదా," అంది.

ఆమె నన్ను తిట్టలేదు. ఆసుపత్రిలో వినిపించిన శాపనార్థాలు మళ్లీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో. రాయి పట్టుకుని ఆయనను దాటుకుని లోపలికి పోయింది. కాసేపటికి లోపల మగ్గం చప్పుడు మొదలైంది. పూజ చేసిన రోజు మగ్గం మీద కూర్చోరు. ఆమె కూర్చుంది.

ఆయన గడప మీది నుంచి లేచాడు. వంగి, ఎడమచేత్తో ఒక్కొక్క నిమ్మకాయే నాలుగు చక్రాల కిందా పెట్టాడు. నేను సాయం చేయబోతే చేత్తోనే వద్దన్నాడు. నాలుగోది పెట్టి, నడుము నిలబెట్టి, పక్కకు జరిగాడు.

"పో," అన్నాడు.

నేను బండెక్కి కదిలించాను. నిమ్మకాయలు నలిగాయి. వెనక ఏ చప్పుడూ లేదు. ఆయన వీధి కొస దాకా రాలేదు.

ఇప్పుడు నా బండికి ఇంకో రాయి ఉంది. మొదటి రోజే తాడు కట్టాను, పాతబడక ముందే మారుస్తూ ఉంటాను. ఆ శాలువాను బీరువాలోంచి తీయించి, ఎందుకో నా భార్యకు చెప్పాను. మా గురువుకూ చెప్పాను. ఆయన, "మీటింగులోనే తెల్సింది బేటా," అన్నాడు. పాత రాయి వాళ్లింట్లోనే ఉందో, పారేశారో తెలియదు. అటువైపు బండలు తీసుకుపోయే ప్రతిసారీ ఆ ఎత్తు దగ్గర ఆపి, తాళ్లు చూసుకుని, రోడ్డంతా ఒకసారి కలియజూసి పోతాను. ఎవరైనా వదిలిన రాయి కనిపిస్తే తీసి పక్కన వేస్తాను. వాళ్ల వీధి వైపు మాత్రం బండి తిప్పలేదు. ఎప్పుడూ పోయిరా అనే మనిషి ఆ రోజు పో అన్నాడు. మళ్లీ రమ్మనలేదు.